మూడు గీతల ఖాళీ

కాగితంలో ఏడో ప్రశ్న, ప్రతి ఏడూ అదే:
"స్థానికుణ్ణి ఎందుకు పెట్టుకోలేదు?"
కింద మూడే మూడు గీతలు.
అయ్యా, నా చేతిరాత పెద్దది.
మూడు గీతల్లో మా ఊరు పట్టదు.
పట్టేంత చిన్నదైపోయింది కదా అంటారా,
అదీ నిజమే.

తెరువెల్ కొండల వెనక
అరవై మూడు పొగగొట్టాల ఊరు మాది.
చలికాలం పొగ లేచేవి పదకొండు.
అందులో ఒకటి నా రొట్టెల పొయ్యిది.
రాత్రి రెండున్నరకి దాన్ని నిద్ర లేపాలి,
పసిబిడ్డకన్నా మొండిది.

వెతకలేదనుకోకండి.
ఔరేలియో మనవడు వచ్చాడు, నాలుగు రాత్రులు.
అయిదో రాత్రి వాళ్ళమ్మ ఫోన్ చేసింది,
పిల్లాడికి పిండి పడదట, ఒకటే తుమ్ములట.
పక్క లోయ నుంచి ఇంకొకతను వచ్చి
జీతం విని, గోడ గడియారం వంక చూసి,
ఒక రొట్టె కొనుక్కుని వెళ్ళిపోయాడు.
ఇంకో నాలుగొందల యూరోలు వేస్తే ఆగేవాడేమో.
నిజం రాయమన్నారు కనక రాస్తున్నా:
ఆ నాలుగొందలు నా దగ్గర లేవు.
ఉంటే ఇచ్చేదాన్నా?
ఆ ప్రశ్న మీ కాగితంలో లేదు.

అప్పుడు దిగాడు సైకూ దర్బో,
పీచ్ తోటల్లో కోతలైపోయి, సరగోసా బస్సులోంచి.
పని ఉందా అని అడగలేదు.
పొయ్యి నోటి ముందు అరచెయ్యి చాపి
"ఇంకా వేడెక్కాలి" అన్నాడు.
నిజంగానే ఇంకా వేడెక్కాలి.
గాంబియాలో వాళ్ళ మేనమామదీ కట్టెల పొయ్యేనట.

జాలిపడి పెట్టుకున్నాననుకునేరు.
జాలితో పిండి పొంగదు.
మంచివాడనీ కాదు.
మంచివాడే, ఆ సంగతి తర్వాత తెలిసింది.

తెల్లారాక బండిలో తొమ్మిది పల్లెలు తిరుగుతాడు.
హారన్ మూడుసార్లు.
తలుపు తెరుచుకోకపోతే దిగి వెళ్ళి తడతాడు.
రెండు చలికాలాల్లో రెండుసార్లు
అంబులెన్సు పిలిచింది అతనే.
ఒకసారి ఆలస్యమైంది.
ఆ ఇంటి రొట్టె ఆ రోజు వెనక్కి తెచ్చి
బల్ల మీద పెట్టి, ఏమీ చెప్పలేదు.

సెవెరియానో మాత్రం
ఆ నల్లచేతి రొట్టె ముట్టనన్నాడు.
ఎనిమిది రోజులు ఎండురొట్టె పాలలో నానేసుకున్నాడు.
ఇప్పటికీ పలకరించడు.
చిల్లర సరిగ్గా లెక్కపెట్టి కిటికీ గట్టు మీద పెడతాడు.
సైకూ అక్కడే రొట్టె పెట్టి, చిల్లర తీసుకుంటాడు.
వాళ్ళిద్దరి మధ్యా ఆ రాయి
బాగా నునుపు తేలింది.

ఒక మాట మా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు,
మీకు రాస్తున్నా, దాచుకోండి.
నిరుడొచ్చిన జ్వరం నా నాలుక మీది రుచిని తీసుకుపోయింది.
మాది తూకం కాదు, గుప్పెడు లెక్క.
మర్నాటి పిండి మధ్యాహ్నమే కలుపుతాం,
ఉప్పు చూసేది అతనే.
ఈసారి రంజాన్ నెలంతా
అతను నోట పెట్టలేడు, నేను పెట్టినా తెలియదు.
ఇద్దరం గుడ్డిగా కలిపాం.
తొమ్మిది పల్లెలూ ఆ ఉప్పు కషాయం
కిక్కురుమనకుండా నమిలాయి.
సెవెరియానో కూడా.
ఎవరి ఉప్పు ఎవరు తింటున్నారో
మీ ఆఫీసువాళ్ళే తేల్చాలి.

నిన్న జీతం పెంచమన్నాడు.
సరగోసాలో ఫ్యాక్టరీవాళ్ళు రమ్మంటున్నారట,
రాత్రి పని లేదట, ఆదివారం సెలవట.
ఆ మాట విన్నాక, ఔరేలియో మనవడికి రాని కోపం
ఇతని మీద వచ్చింది నాకు.
ఎందుకో తెలియదు. తెలుసు.

గీతలు ఎప్పుడో అయిపోయాయి,
కాగితం వెనక్కి తిప్పాను.
ఆ మరక పిండిది, ఏమీ అనుకోకండి.
రెండున్నరైంది. కింద
కట్టెలు పేరుస్తున్న చప్పుడు.
ఇవాళ్టికి ఉన్నాడన్నమాట.

ఏడో ప్రశ్నకి ఇది చాలనుకుంటా:
అడిగాను.
వచ్చింది ఇతను.
మూడో గీత అలా ఉంచండి,
జీతం సంగతి తేలాక రాస్తాను.

— ఒరోసియా, రొట్టెల కొట్టు