బిల్లు

అట్టపెట్టె అమ్మ చంకలో ఉంది.
నెల్లిమర్లలో ఎక్కిన బస్సు
గంటస్తంభం దగ్గర దించే దాకా
దాన్ని కింద పెట్టలేదు.
పక్క సీటామె అడిగింది కూడా,
స్వీట్లా అని.

లోపల బూట్లు. తెల్లవి, పక్కన ఆకుపచ్చ గీత.
మూడొందల డెబ్బై.
పదకొండు రోజులు.
కుడికాలి అడుగు ముందునుంచి ఊడిపోయి
చంపావతి గట్టు మీద నేను పరిగెడుతుంటే
టప్పు టప్పుమని చప్పట్లు కొట్టేది,
నేనింకా ఎక్కడా గెలవకముందే.

"బిల్లేదమ్మా?"

షావుకారు తలెత్తలేదు.
గల్లాపెట్టె మీద అగరొత్తి బూడిద
వంగి, రాలకుండా వేలాడుతోంది.

బిల్లు ఉండేది.
దాని వెనక టైములు రాసుకున్నాను.
కానిస్టేబులు సెలక్షనుకి పదహారు వందల మీటర్లు:
తొమ్మిది యాభై,
తొమ్మిది నలభై రెండు,
తొమ్మిది ముప్పై ఎనిమిది.
నాన్న దాంట్లో పొగాకు పొట్లం కట్టుకున్నాడో
పొయ్యి ముట్టించడానికి అమ్మే వాడేసిందో.
అంకెలు నాకు గుర్తున్నాయి.
షావుకారుకి ఆ అంకెలు చెల్లవు.

"మా కొట్టువేనని ఏటి గేరంటీ?"

మా అమ్మ సన్నేసమ్మ
జూట్ మిల్లులో ఇరవై రెండేళ్లు సంచులు కుట్టింది.
మిల్లుకి తాళం పడ్డ పొద్దున
గేటు ముందు అందరూ అరుస్తుంటే
కేరేజీ పట్టుకుని ఊరకే నిలబడ్డ మనిషి.

"బాబూ, నాను కుట్టిన సంచిలో
క్వింటా బియ్యం పోసి లారీ మీంచి పడీసినా
కుట్టు వీడీది కాదు.
నా గుంట నలభయ్యారు కిలోలు.
బియ్యం కన్నా బరువేటి?"

"ఇవి పరిగెట్టడానికి కాదమ్మా.
ఏదో పెళ్లికీ, పేరంటానికీ."

"మరయితే పెట్టె మీద
పరిగెట్టీవోడి బొమ్మెందుకేసినారు?"

అందరం పెట్టె వంక చూశాం.
నిజమే. పరిగెడుతున్నాడు.
మొహం వెయ్యలేదు, కాళ్లే వేశారు.

మూల తవుడు మేజోళ్లు లెక్కపెడుతున్నాడు.
ఆ రోజు మోకాళ్ల మీద కూర్చుని
నాకు లేసులు కట్టింది వీడే.
బొటనవేలితో బూటు ముక్కు నొక్కి చూసి
"సరిగ్గా సరిపోనాయప్పా" అన్నది వీడే.
ఇప్పుడు ఒకే జతని మూడోసారి లెక్కపెడుతున్నాడు.
బూట్ల కొట్లో పని, వాడివి వట్టికాళ్లు.

అమ్మ వాడి వంక ఒక్కసారి చూసింది.
ఏదో అనబోయి
పమిట సర్దుకుంది.

(తర్వాత మూడు లాంతర్ల దాకా నడిచాక అడిగాను,
వాణ్ణి ఎందుకు సాక్ష్యం పిలవలేదని.
"ఆడి కూడు తోటి మనకేటి పనే?")

చివరికి షావుకారు విసుగ్గా:
"డబ్బులైతే రావు. వందకి ఏదైనా పట్టుకుపో."

నీలం పట్టీల హవాయి చెప్పులు.
అమ్మ కదల్లేదు.
"బిల్లియ్యి."
"వంద రూపాయలకి బిల్లేటమ్మా!"
"ఇయ్యి."

రాశాడు. నెంబరు, తేదీ, చెప్పులు జత ఒకటి.
కింద ముందే అచ్చేసి ఉంది,
అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని.
అమ్మకి చదవడం రాదు.
నాలుగు మడతలు పెట్టి
ఆధార్ కార్డు ఉన్న సంచీలో దోపింది.

మెట్లు దిగుతూ వెనక్కి చూశాను.
తవుడు నా బూట్లు గుడ్డతో తుడిచాడు.
అడుగుకి కాస్త జిగురు రాసి,
బొటనవేలితో నొక్కిపట్టి,
పెట్టెలో పెట్టి, నిచ్చెన వేసుకుని
పై అరలోకి ఎక్కించాడు.

ఎడమ బూటు నాలిక కింద
పెన్నుతో రాసుకున్నాను,
తొమ్మిది ఇరవై ఒకటి.
నాలిక ఎత్తి చూపిస్తే సరిపోయేదేమో.
నోరు రాలేదు.
ఎవరికి వస్తాయో అవి,
ఆ అంకె చూసి ఏమనుకుంటారో.

రేపు తెల్లారే గట్టు మీద
చెప్పులు అమ్మ చేతికిచ్చి
వట్టికాళ్లతో.

టైము ఎక్కడ రాసుకోవాలో తెలీదు.
ఈ బిల్లు అమ్మ ఇవ్వదు.