దైవం అనే గడి

మా కాశీనగర్ భజన పుస్తకంలో
ప్రతి పాటకీ మూడు గళ్ళు గీశాను:
రాగం, తాళం, దైవం.
పగలు మిషను తొక్కే కాళ్ళు నావి,
శనివారం రాత్రి హార్మోనియం తిత్తి ఊపే చెయ్యీ నాదే.
గడి ఖాళీగా ఉంటే నాకు నిద్ర పట్టదు,
బొత్తాం కుట్టని కాజాలా.

నలభై మూడో పాట:
"నల్లనోడు రాలేదు, పొగైనా రాలేదు,
మూట కట్టిన కూడు సల్లారిపోనాది."
దైవం: కృష్ణుడు.
ఎర్రసిరాతో రాశాను.

పాణిగ్రాహి మాస్టారు ఒడియా యాసలో విప్పి చెప్పేవారు,
కూడంటే దేహం, మూటంటే కర్మ, పొగ మాయ అని.
"మాయ రాకపోతే మంచిదే కదండీ,
మరి ఏడుపెందుకు?" అన్నాను.
తాళాలు తుడుచుకుంటూ ఊరుకున్నారు.

కొండ దిగి చింతపండు అమ్మే యోనా రైక
అది మా పాటే అన్నాడు.
వాళ్ళ దేవుడు ఎడారిలో మేఘమై ముందు నడిచాడట.
సవర మాటల్లో పాడి వినిపించాడు కూడా.
వరస మారలేదు. ఆకలీ మారలేదు.

మొన్న జాకెట్టు కొలతలకి దాలమ్మ వచ్చింది,
ఎనభై దాటిన మనిషి.
నేను కూనిరాగం తీస్తుంటే
టేపు మీద నా చెయ్యి పట్టుకు ఆపింది.

"ఓలమ్మ, అది మా అప్ప పాట కదేటి బావూ!
నౌపడ కాడినుంచి సిన్న రైలు ఎల్లీది.
ఇంజనులో బొగ్గేసీ గుంటడు,
ఒళ్ళంతా మసి, పళ్ళే తెలుపు.
టేసన్లో నీళ్ళు పట్టినంతసేపే ఆల కాపురం.
అప్ప ఉడుకు కూడు మూట అందించీది.
ఓ యేడు వంశధార పొంగి పట్టాలు కొట్టుకుపోనాయి.
నెల్లాళ్ళకి బండొచ్చింది. ఆడు రాలేదు."

"ఏమయ్యాడు?"
"ఎవులకెరుక. కొలత రాసుకో."

రాసుకున్నాను.
ఆ రాత్రి బ్లేడుతో కృష్ణుణ్ణి గీకాను.
కాగితం పలచబడింది గానీ
ఎరుపు పోలేదు.

జాకెట్టు ఇవ్వడానికి వెళ్ళి అడిగాను,
భజనలోంచి తీసెయ్యమంటావా అని.
దాలమ్మ హుక్కులు లెక్కపెట్టుకుంది, రెండుసార్లు.
"ఎందుకూ? అప్ప కూడా ఆకర్రోజుల్లో
దండం ఎట్టే పాడీది.
ఎవులికో నానడగలేదు.
హారతప్పుడు కర్పూరం రవంత ఎక్కువెయ్యండి.
పొగైనా రావాలి కదా."

ఈ శనివారం నాలుగు బిళ్ళలు ఎక్కువ వేశాను.
మాస్టారికి దగ్గొచ్చింది.
పాట ఆపలేదు.