ఒకటి, ఒకటి, రెండువేల తొమ్మిది

ఎనుమాముల మార్కెట్ల మిర్చి దిగిన వారం
అడ్తి దుకాణం నుంచి ఫోనొచ్చింది:
"అక్కా, నెట్టు రాదు. ఏ సైటు తెరిచినా
దీన్ని నమ్మొద్దంటున్నది."

బ్లోయరు, స్క్రూడ్రైవరు, మూతికి రెండు మాస్కులు.
యార్డు గేటు దాటకముందే తుమ్ములు మొదలు.

కుర్చీల కొత్త పిల్ల, రవళి.
రౌటరును రెండుమార్లు ఆర్పి ఎలిగించిందట,
కేబులాయనను మూడుమార్లు తిట్టిందట.
"గుమస్తా సదానందం సారు రాలే.
కంటి ఆపరేషను. ఆయనుంటే నడుస్తుండె."

నేను మొదలు చూసేది ఎప్పుడూ ఆ మూలకే,
తెర కింద, కుడిచేతి దిక్కు, గోరంత జాగల.
బయట నెత్తి మీద ఎండ.
అక్కడ తెల్లారుజామున నాలుగుంబావు.
ఒకటి, ఒకటి, రెండువేల తొమ్మిది.

నెట్టు మంచిగనే ఉన్నది బిడ్డా.
పదిహేనేండ్ల ఎనుక నిలవడ్డ డబ్బ ఇది,
ఇంకా పుట్టని సంతకాన్ని
ఎట్ల నమ్ముతది?

మూత తీసిన.
ఫ్యాను రెక్కల మీద ఎర్రగ అట్టలు కట్టి
ఎన్ని సీజన్లదో దుమ్ము,
తేజాదీ చపాటదీ కలిసి ఒకటే ఘాటు.
బయట గద్దె మీద పెట్టి బ్లోయరు కొడితే
హమాలీలు నవ్విన్రు:
"మేడం, దాన్ని గూడ కాంటా పెట్టున్రి,
పావుకిలో ఎల్తది."

బోర్డు మీద గుండ్రటి సెల్లు, అంగీ గుండీ అంత.
మీటరు ముల్లు కదలలే.
ఇది ఇయ్యాల సచ్చింది కాదు,
ఏడాది కిందనే సచ్చింది.
మరి ఇన్నాళ్లు నడిపిందెవలు?

కీబోర్డు లేపితే దొరికింది జవాబు.
పాత పట్టీబుక్కు అట్ట, నీలి సిరా:

"తెరవంగనే నల్లగయి కూస్తది. బెదరద్దు. ఎఫ్ వన్ నొక్కాలె.
క్యాలెండరు చూసి తారీఖు పెట్టాలె.
చేతిగడియారం చూసి టైము పెట్టాలె.
నా గడియారం మూడు నిమిషాలు ముందు, తీసెయ్యాలె.
ఆవాజు రాకుంటే ఎనుక పచ్చ రంధ్రం.
పాస్‌వర్డు సరిగ్గ కొట్టినా ఒప్పుకోకపోతే క్యాప్సు లైటు చూడు.
తెర అడ్డం తిరిగితే మెడ అడ్డం పెట్టి పని చెయ్యద్దు
(రెండు రోజులు చేసిన). కంట్రోల్, ఆల్ట్, పై బాణం.
ప్రింటరు అలిగితే అలగనియ్యి. ఛాయ్ తాగి రా."

రోజూ పొద్దున, కాంటాలు కదలకముందు,
ఒక మనిషి కూసోని
ఇయ్యాల ఏ దినమో ఈ డబ్బకు
ఒక్కొక్క అంకె నొక్కి చెప్పిండు.
సేటుకు చెప్పలే. నాకు ఫోన్ చెయ్యలే.
ముప్పై రూపాయల సెల్లు!

కొత్తది ఏసిన. ఇండియా టైము పెట్టిన.
ఇకనుంచి నీకు నువ్వే సరిచూసుకొమ్మని
సెట్టింగ్సుల టిక్కు పెట్టిన.
అట్ట మీద మొదటి నాలుగు వరుసలు
కొట్టేద్దామని పెన్ను తీసిన.
కొట్టలే.
మల్ల కీబోర్డు కిందనే పెట్టిన.

పొద్దటి నుంచి చీటీ పట్టుకొని
గోడకు నిలవడ్డ రైతు, నెక్కొండ దిక్కు తండా మనిషి,
బానోతు హర్యా.
తూకం సరే, బస్తాలు సరే,
తారీఖే రెండువేల తొమ్మిది.
"ఇటియ్యి తాతా, మార్చిస్త" అంటే
వెంటనే ఇయ్యలే.
చీటీని దూరం పట్టి చూసిండు, దగ్గర పట్టి చూసిండు.
"ఆ ఏడు నాకు బాకీ లేకుండె" అన్నడు.
"బోరు గూడ పోస్తుండె."

రవళి నవ్వింది. నేను నవ్వబోయి ఆగిన.
"మరి ధర గూడ ఆనాటిదే ఇస్తరు తాతా" అంటే
"అమ్మో" అని చీటీ చేతిల పెట్టిండు.

ప్రింట్ కొట్టిన.
ప్రింటరు ఒక్కమాటు దగ్గి, ఊకున్నది.
తీగె పీకి పెట్టిన. కాయితం మార్చిన. ఊకున్నది.

అట్ట మీద రాసి ఉన్నదే గద.
ముగ్గురం ఛాయ్ తాగ పోయినం.