కోట్ల గది

వియన్నాలో ఈ పాత మేడని
ఇప్పుడు హోటలంటున్నారు.
నేను ఒటీలియెని.
కోటు పుచ్చుకుని ఇత్తడి బిళ్ల ఇస్తాను.
లోపల వాళ్లు లెక్కపెట్టే కోట్లు వేరు,
నావి ఉన్నివి.

పొద్దున రెండు కంపెనీలొచ్చాయి.
ఒకరి వెనక ఒకరు గుమ్మం దాటరట.
ముందు దాటితే నెగ్గినట్టో తగ్గినట్టో
వాళ్ల లాయర్లకే తేలలేదు.
రెండో తలుపు తాళంచెవి వెతికించాడు మేనేజరు.
తుప్పు. నూనె పోశాం.
రాజులొచ్చినప్పుడూ ఇదే పేచీ అని
మా ముసలి వడ్రంగి చెప్పేవాడు,
అతనికెవరు చెప్పారో.

ఆ రాజులు పగలు పటాలు కత్తిరించి
రాత్రి నాట్యమాడేవారట.
వీళ్లు ఆడరు. సోడా తాగుతారు.
నవ్వు మాత్రం అదే,
పళ్లదాకా వచ్చి ఆగే నవ్వు.
తొమ్మిదేళ్లుగా కోర్టుల్లో కొట్టుకుంటూనే
ఒకరి ఫోన్లో ఇంకొకరి చిప్పు.
ఇక్కడ, నా కొక్కేలకి,
భుజం భుజం రాసుకుని వేలాడుతున్నారు.
ఒక జేబులో ఫోను మోగింది.
చూశాను. అవతలి కంపెనీది.

నడవాలో, చెక్కబల్ల మీద, బోగ్నా.
రాత్రి రైల్లో క్రాకోవ్ నుంచి వచ్చింది,
కోటు విప్పలేదు.
లోపల పంచుకుంటున్నది ఆమెనే:
పదకొండుమంది, ఒక అద్దె గది,
జబ్బుతో మాట పడిపోయినవాళ్లకి
వాళ్ల గొంతే తిరిగిచ్చే ప్రోగ్రాము.
ఇద్దరికీ కావాలి.
కావడం కన్నా, అవతలివాడికి దక్కకూడదు.

టీ ఇచ్చాను. చల్లారింది. ఇంకోటి ఇచ్చాను.
మూడింటికి కాగితం బయటికొచ్చింది.
"స్వతంత్ర సంస్థగా కొనసాగును."
రెండుసార్లు చదివింది, రెండోసారి పైకి.

"మా ఊరినీ ఇక్కడే, ఈ నగరంలోనే
స్వతంత్రం అని రాశారు.
ముగ్గురు రాజుల కాపలాతో."

ఎన్నాళ్లుంది? అన్నాను.

"ముప్ఫై ఒక్క ఏళ్లు.
ఇప్పుడన్నీ తొందర కదా,
వారాల్లో వేసుకోండి."

మరి ఎవరు మింగారు?

కప్పు కింద పెట్టింది,
సాసరు మీద చప్పుడు కాకుండా.
"మీవాళ్లే," అంది మర్యాదగా.

తలుపు తెరిచి పిలిచారు, సంతకానికి.
రెండు తలుపులూ ఒకేసారి తెరిచారు;
దేన్లోంచి వెళ్లాలో కాసేపు నిలబడింది.
నలభై ఏళ్ల అలవాటు,
చెయ్యి చాచాను కోటు కోసం.

ఇవ్వలేదు.