వేడెక్కేదాకా

మీట నొక్కగానే పలకదు.
నూరుదాకా లెక్కపెట్టాలి.
డెబ్బై దగ్గర వాల్వుల్లో ఎరుపు పుడుతుంది,
ఎనభైకి చెక్క వెచ్చబడి
పొగాకు వాసన కొడుతుంది.

అది పొగాకు పెట్టె చెక్కే మరి.
టంగుటూరు స్టేషన్ రోడ్డులో రేడియోలు బాగుచేసే సందాని
కంపెనీవాళ్ళు పారేసిన పెట్టెల పలకలు కోసి,
చచ్చిన రేడియోల్లోంచి బతికున్న వాల్వులు ఏరి
బిగించిన యాంప్లిఫయరు.
ఒకటే స్పీకరు. రెండే నాబులు.
ఒకటి గొంతుకి.
రెండోది ఎందుకో ఆయనకే తెలియాలి,
ఎటు తిప్పినా తేడా లేదు.
అయినా తిప్పుతుంటాను.

స్పీకరు కాగితం ఒకచోట చిరిగితే
వేలం చీటీ ముక్క అంటించాడు, మైదా జిగురుతో.
లాటు నంబరు ఇప్పటికీ కనపడుతుంది.
లావు తీగ మీటినప్పుడల్లా
నలభై ఏడు వణుకుతుంది.

పగలు వేలం ప్లాట్‌ఫారంలో నాది కాటా పని.
సీజన్లో వేళ్ళకి నల్లజిగురు.
సబ్బుకి పోదు, కిరసనాయిలుకి పోదు,
నిమ్మడిప్పకి సగం పోతుంది,
మిగతా సగం గిటారు తీగెలకి అంటుతుంది.
కొత్త తీగెలు నెల తిరక్కుండానే మొద్దుబారతాయి.
బారనీ.
ఆ బొంగురే ఈ పెట్టెకి నప్పింది.

మూడు దాకా తిప్పితే
పెళ్ళిచూపులకొచ్చినవాడిలా మర్యాదగా మాట్లాడుతుంది.
ఏడు దాటిందా,
బేలు వెనక్కి కొట్టిన కొనుగోలుదారుతో
కొండపి రైతు మాట్లాడినట్టే,
మాట మాట చివరా చీలిక.

సాయంత్రం ఆరున్నరకి కరెంటు బక్కచిక్కుతుంది.
ఊరంతా మోటార్లు, దానికి తోడు ఐసు ఫ్యాక్టరీ.
నా స్వరం కుంగి
పండిన సపోటాలా వేలికి లొంగుతుంది.
తొమ్మిదికి ఫ్యాక్టరీలో కంప్రెసరు ఆగితే
ఎవరో కిటికీ తీసినట్టు
ఒక్కసారిగా తేట.
నేను గడియారం చూసి చాలా కాలమైంది.

మా అక్క కొడుకు ఒంగోలు నుంచి
అగ్గిపెట్టెంత డబ్బా తెచ్చాడు.
ఇందులో వంద యాంప్లిఫయర్లున్నాయి మావయ్యా అన్నాడు.
ఇది ఉందేమో చూడరా అన్నాను.
వెతికాడు పాపం, చాలాసేపు.

ఒక్కటే లోపం. గుయ్‌మంటుంది,
వాయించినా, వాయించకపోయినా.
తీసెయ్యమని సందాని దగ్గరికి మూడుసార్లు మోసుకెళ్ళాను.
మూడోసారి మూత కూడా విప్పలేదు.
"గురక అబ్బయా అది.
నిద్రపోయేదాన్ని లేపబాక."

సందాని పోయి రెండు రంజాన్లు.
మొన్న శుక్రవారం కావలి నుంచి
ఆయన కూతురు గౌసియా వచ్చింది.
గడప దగ్గరే నిలబడి పెట్టె వంక చూసింది.
ఏం వాయించాలో తోచక గిటారు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.
"వాయించబాకన్నా. ఊరికే వెయ్యి."

వేశాను.
ఆమె పెదాలు కదులుతున్నాయి, నావీ.
ఇద్దరం ఒకే అంకె మీద ఉన్నామో లేదో తెలీదు.
వాసన రాగానే ఆమె లెక్క ఆపేసింది.
నేను నూరుదాకా వెళ్ళాను, అలవాటు కొద్దీ.
గుయ్‌మంటూ గది నిండింది.
బయట కందుకూరు బస్సు హారన్ కొట్టి పోయింది.

చాలాసేపటికి అడిగాను,
ఈ రెండో నాబు ఎందుకమ్మా అని.

"అదా," అంది.
"దానికి లోపల తీగ లేదు.
నేను చిన్నప్పుడు కొట్లో కూర్చుని
అన్నీ తిప్పి పాడుచేస్తున్నానని
నాకోసం పెట్టాడు మా నాయిన."

వంగి తిప్పింది.
ఏ తేడా లేదు.
ఈసారి అటువైపు తిప్పింది.