వాన ఎపిసోడు

మా టీవీ పక్కన ఒక నల్ల పెట్టె ఉంది.
ఎవరికీ చెప్పొద్దని ఏలూరు నుంచి వచ్చిన కుర్రాడు
రెండుసార్లు చెప్పాడు, టీ తాగి మూడోసారి చెప్పాడు.
నర్సాపురంలో ఇలాంటివి ఎన్నున్నాయని అడిగితే నవ్వాడు.
నాన్నకి ఒకటో బొత్తాం, అమ్మకి రెండు, నాన్నమ్మకి మూడు,
నాకు నాలుగు, తమ్ముడు ఇమ్మానియేలుకి ఐదు.
టీవీ ముందు కూర్చుంటే నొక్కాలి. లేస్తే ఆపాలి.
నాన్నమ్మ నొక్కి నిద్రపోతుంది.
లెక్క ప్రకారం ఆవిడ అర్ధరాత్రి దాకా
వంటల పోటీ చూసే మనిషి.

సాయంత్రం ఆరున్నరకి పొగమంచు రేవు.
జపాను బొమ్మలు, తెలుగు మాటలు.
మాటలు రాసేది మా మేనత్త కొడుకు జయశీల్,
హైదరాబాదులో, ఎపిసోడుకి ఇంతని.
రేవు పిల్లాడు "పంటు తప్పిపోయింది" అంటే
సఖినేటిపల్లి వైపు చూస్తూ అన్నట్టే ఉంటుంది.
పడవ అని మార్చమన్నారట.
మర్చిపోయినట్టు నటించాడట.

కత్తులు దూసిన ఎపిసోడుకి ఒకటిన్నర వచ్చింది.
నక్క మాట్లాడినదానికి రెండుకి దగ్గర.
ఇరవై ఆరోదానికి సున్నా పాయింటు మూడు.
అందులో ఏమీ జరగదు.
పిల్లాడు పాక కింద నిలబడతాడు.
వాన కురుస్తుంది.
పంటు రాదు.
చూరు చివర ఒక్క చుక్క ఆగి,
బరువెక్కి,
వెళ్లనా మాననా అనుకుని
తెగుతుంది.

అమ్మని పిలిచాను.
చేతిలో కొక్కెం సూది ఆగలేదు, కళ్లు మాత్రం ఎత్తింది.
లేసు చూస్తే అమ్మకి చెయ్యి తెలుస్తుంది.
ఇది లూతమ్మది, ముడి బిగువు.
ఇది లంకలో కోడలిది, మూల తిరిగే చోట వదులు.
ఏజెంటు గారికి అన్నీ ఒకటే, డజన్లు.
"మొన్న పొయ్యి మీద పొగ గీసినామే
ఈ వానా గీసింది" అంది అమ్మ.

లేసు లెక్కల పుస్తకం వెనకపేజీల్లో
చివర పరిగెత్తే పేర్లు రాసుకుంటాను.
పేర్లు మొదలవగానే తెరని మూలకి నొక్కేసి సబ్బు ప్రకటన వేస్తారు.
చీమ తలకాయంత అక్షరాలు. ఒక్కో రోజు రెండే దొరుకుతాయి.
పదకొండో ఎపిసోడు, పొయ్యి పొగ: నుమాత హిసాయో.
ఇరవై ఆరు, వాన: నుమాత హిసాయో.
ఆడో మగో మాకు తెలీదు.
అమ్మ "ఆమె" అంది, అదే ఉంచాం.

శనివారం మళ్లీ వేశారు.
ఇదే ఆఖరు, ఇకమీదట దీన్ని దాటేసి వేస్తారన్నాడు జయశీల్.
నాన్న రొయ్యల చెరువు మీద.
నాన్నమ్మ కంటి పరీక్షకి పాలకొల్లులో.
ఇమ్మానియేలు ట్యూషన్లో.
నాలుగు నొక్కాను, అది నాది.
తర్వాత ఒకటి.
మూడు.
ఐదు.
ఒక్క పెట్టె వెనక వేల ఇళ్లుంటాయట లెక్కలో.
ఎన్ని వేల ఖాళీ కుర్చీలు ఆ వాన చూశాయో!
తప్పే.
ఎనిమిది డజన్లిస్తే ఏడున్నర రాసే పుస్తకం
అల్మారాలోంచి నావైపే చూసింది.
రెండు మాత్రం నొక్కలేదు.
దొంగ లెక్కలో అమ్మని కలపబుద్ధి కాలేదు.

చుక్క ఆగే చోటు వచ్చింది.
అమ్మ దారం ఒళ్లో పెట్టింది,
బొటనవేలు మెల్లగా విరుచుకుంది.
"ఏదీ, నాదెక్కడ?" అంటూ
సూది మొనతోనే రెండో బొత్తాం నొక్కింది.

గురువారం జయశీల్ ఫోను. సున్నా పాయింటు మూడే.
స్పీకరు పెట్టమంది అమ్మ.
"ఒరే, ఆ వాన గీసినామెకి డబ్బులెలా కడతారు?
డజనుకా, చుక్కకా?"
అవతల జయశీల్ చాలాసేపు మాట్లాడలేదు.
కనుక్కుంటానత్తా, అన్నాడు.