తొమ్మిది ఏటి?

పర్లాకిమిడిలో వాన. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది.
కింద బియ్యం కొట్టు ఎప్పుడో కట్టేశారు.
పైగదిలో నేనూ, బరంపురం నుంచి సునయన పంపిన మార్పూ.
పదకొండు వరసలు. నాలుగో వరసలో
పొడవును కుడికి తొమ్మిది గళ్ళు జరిపింది.

తొమ్మిది.
దానికి పేరు లేదు, ఊరు లేదు.

పరీక్షలన్నీ పచ్చగా ఉన్నాయి.
"జవాబు సరిగ్గానే వస్తోంది కదక్కా" అని రాసింది.
వస్తోంది. బైట్లు వెళ్ళి సెక్టార్లయి తిరిగొస్తున్నాయి,
అయిదువందల పన్నెండుకి ఒకటి చొప్పున.
కానీ లోపలికొచ్చిన పొడవు బైట్లేనని ఎవరు చెప్పారు?
ఆమె మనసు చెప్పింది.
ఆ మనసు నా తెర మీద కనిపించదు.

నా చిన్నప్పుడు కింద కొట్లో జగ్గారావుండేవాడు, కొలగాడు.
రెండు కుంచాలుండేవి అతని దగ్గర.
ఒకటి పాతపట్నం వైపు రైతులది,
ఒకటి గుమ్మ కొండల నుంచి దిగొచ్చే సవరలది.
చూడ్డానికి అక్కచెల్లెళ్ళు.
ఒకదాంట్లో నాలుగు మానికలు,
రెండోదాంట్లో అయిదుకి పిసరు తక్కువ.
కొండ కుంచం నడుం చుట్టూ ఎర్ర లక్క పూసి ఉంచేవాడు.
ఎవరైనా గుమ్మంలోంచి "నాలుగు పొయ్యి" అంటే
చెయ్యి గాల్లోనే ఆగిపోయేది.
"నాలుగు ఏటి బాబూ?
నాలుగు సోలలా, నాలుగు అడ్డలా, నాలుగు దెబ్బలా?"

నవ్వేవాళ్ళం.

నాలుగు గిద్దలు సోల. రెండు సోలలు తవ్వ.
తవ్వ నుంచి మానిక, మానిక నుంచి అడ్డ, అడ్డ నుంచి కుంచం,
అన్నీ రెట్టింపులే. యంత్రం కోసమే పుట్టినట్టు.
గిద్ద నుంచి కుంచానికి ఆరు గళ్ళు.
బైటు నుంచి సెక్టారుకి తొమ్మిది, సెక్టారు నుంచి బ్లాకుకి మూడు.
పన్నెండూ ఒక్కసారే జరిపినవాడూ,
తొమ్మిది జరిపిన సంగతి మరిచి మళ్ళీ పన్నెండు జరిపినవాడూ
అంతే ధీమాగా రాస్తారు.
అంకె మొహం చూసి పోల్చుకోలేం.

ఇంకోటి.
కుంచం నిండాక జగ్గారావు అరచేత్తో తల కొట్టేవాడు.
గోనె మీద రాలిన గింజలు లెక్కలోకి రావు, పిచ్చికలవి.
కుడికి జరపడమంటే అదే, తల కొట్టడం.
డిస్కులో గోనె పరిచి ఉండదు.
ఆ గుప్పెడు గింజలు ఎవరిదో సంతకం కావచ్చు,
ఒక దరఖాస్తులో ఆఖరి మాట కావచ్చు.
వాటికీ ఒక నిండు కుంచం చోటివ్వాలి.
పైకి తీసుకున్నావో, కిందికి వదిలేశావో
పేరులోనే తెలియాలి.

ఇదంతా సునయనకి చెబుదామని,
ఇలా రాయాలమ్మా అని చూపిద్దామని
పాత ఫైలు తెరిచాను.
అక్కడా తొమ్మిది. ఒంటరి తొమ్మిది.
ఎవరిదీ వరస అని అడిగితే
ఆరేళ్ళ కిందటి తేదీ వేసి
నా పేరు చెప్పింది.

కాసేపు వాన విన్నాను.

తర్వాత రాశాను:
"నీ లెక్క తప్పు కాదు. నాదీ తప్పు కాలేదు, ఇంతవరకు.
బైట్ల పేరులో బైట్లని ఉండాలి, సెక్టార్ల పేరులో సెక్టార్లని.
ఒకటి ఇంకోటయ్యే చోటు ఒక్కటే ఉండాలి,
దానికో తలుపు, తలుపు మీద పేరు.
అంకె ఆ లోపల ఉండనీ, వీధిలోకి రాకుండా.
ఎప్పుడో ఎవరో నిద్రకళ్ళతో ఇది చదువుతారు,
నిన్నూ నన్నూ నమ్మాల్సిన అగత్యం వాళ్ళకి పెట్టొద్దు.
నా పాతవి మూడు చోట్ల సరిచేసి నీ మార్పులో కలిపాను.
చూసి సరే అను. బాగోకపోతే అనకు."

తెల్లారింది. కింద కొట్టు తలుపులు ఒక్కో చెక్కా తీస్తున్న చప్పుడు.
సునయన రెండింటికి సరే అంది.
మూడోదాని పక్కన ఒక ప్రశ్న:
"ఇది ఏటక్కా?"

సెక్టారు అని రాయబోయి, వెళ్ళి చూశాను.
బ్లాకు.